సూపర్ హీరోల కులపురాణం: రంగులు ఎవరి ఒంట్లోంచి వచ్చాయి?

దసరా సెలవులకు నల్లగొండ వచ్చిన మా మేనల్లుడు ఒక లావుపాటి బొమ్మల పుస్తకం వెంట తెచ్చుకున్నాడు. హాస్టల్లో స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చిందట. రెండు రోజులు మంచం దిగలేదు. మూడోనాడు పొద్దున నేను చాయ్ తాగుతుంటే పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన కూచున్నాడు.

"మామా, ఇది సూపర్ హీరోల పుస్తకమే గదా? మరి నడుమ నడుమ ఈ ఓడదొంగల కథేంది? పేపర్ల దుకాణం కాడ ఒక పోరడు కూసోని అదే సదువుతుంటడు. అచ్చేసేటప్పుడు వేరే పుస్తకం పేజీలు కలిసినయా ఏంది?"

ఆ పుస్తకం 'వాచ్‌మెన్'. అలన్ మూర్ రాస్తే డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేశాడు. 1986, 87 సంవత్సరాల్లో 12 సంచికలుగా వచ్చింది.

"పేజీలు కలవలేదురా. సరిగ్గా అక్కడే ఆ పుస్తకం తన పుట్టుక గురించి మాట్లాడుతున్నది" అన్నాను. వాడు తెల్లమొహం వేశాడు. వాడికి ఆ రోజు చెప్పిందే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను. ఎందుకంటే ఇంగ్లీషు సూపర్ హీరో కామిక్స్‌లో గత 40 ఏళ్ళుగా ఇదొక పెద్ద పాయ. తాను ఏ కథల కడుపున పుట్టిందో, ఎవరి దగ్గర ఏం తీసుకుందో, ఎవరిని పక్కకు నెట్టిందో సూపర్ హీరో కథ తన కథలోనే చెప్పుకుంటుంది. సినిమాలు చూసి ఆ ఇష్టంతో ఈ పుస్తకాల దగ్గరికి వచ్చే మన పిల్లలకు దారి తప్పేది ఇక్కడే.

మాది చండూరులో నేతపని కుటుంబం. నా చిన్నతనంలో కూనపులి వాళ్ళు ఊళ్ళోకి వచ్చారంటే మా వాడలో మగ్గాలు పెందలాడే ఆగేవి. పద్మశాలీలకు కులపురాణం చెప్పడం వాళ్ళ మిరాశీ. వాళ్ళ వెంట పటం ఉండేది, చాపలా చుట్టింది, విప్పితే మూరలకు మూరలు. గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి కలిపి పట్టించి, వెనకంతా ఎరుపు నింపి చేర్యాల నకాశీ వాళ్ళు వేసే బొమ్మలవి. గడికో ఘట్టం, గడికీ గడికీ మధ్య పూలతీగ అంచు. కథకుడు ఒక గడి విప్పి, పుల్లతో చూపించి, పాట పాడి, మాట చెప్పి, అది పూర్తయ్యాకే కింది గడి విప్పేవాడు. బొమ్మల కథ ఎట్లా చదవాలో నాకు తర్వాత ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఆ పటంలో నాయకుడు భావనారుషి. తామరతూడు నారతో దేవతలకు తొలిబట్ట నేసినవాడు. ఆయన కాళవాసురుడనే రాక్షసుణ్ణి చంపుతాడు. మా ఊళ్ళో కథ చెప్పినాయన ఆ గడి దగ్గర గొంతు తగ్గించి, నేతగాడికి రంగులు వచ్చింది ఆ రాక్షసుని ఒంట్లోంచేనని పాడేవాడు. మా నాన్న గోళ్ళ సందుల్లో ఎప్పుడూ అద్దకం రంగు ఉండేది. ఆ రాత్రి నేను ఆయన చేతుల వైపే చూస్తూ పడుకున్నాను. కథలో చచ్చినవాడు మా ఇంట్లో ఉన్నాడు, మేం నేసే చీర అంచులో ఉన్నాడు.

కులపురాణం చేసే పని అది. నువ్వు ఎవరి వారసుడివో చెప్పి ఛాతీ ఉప్పొంగిస్తుంది. అదే పాటలో, నీ చేతిలోని రంగు ఎవరి నెత్తురో కూడా చెబుతుంది. రెండోది చెప్పని పురాణం వట్టి పొగడ్త. నేను చెప్పబోయే కామిక్స్‌లో మంచివాటినీ మామూలువాటినీ వేరుచేసే గీటురాయి నా మటుకు ఇదే.

ముందు ఈ హీరోల తాత ముత్తాతలు ఎవరో చూద్దాం. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళ సూపర్‌మ్యాన్ 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికలో వచ్చాడు. పుస్తకం వెల 10 సెంట్లు. ఆ హీరో మీద హక్కులన్నిటికీ ఆ ఇద్దరికీ కలిపి దక్కింది 130 డాలర్లు. సూపర్‌మ్యాన్ వేరే గ్రహం నుంచి ఊడిపడ్డాడని కథ. కాగితం మీద మాత్రం ఆయన అట్లా ఊడిపడలేదు. అంతకు ఐదేళ్ళ ముందే, 1933లో, చౌకరకం ముతక కాగితం మీద అచ్చయ్యే పల్ప్ పత్రికల్లో డాక్ సావేజ్ అనే వీరుడు ఉన్నాడు. ఆయన అసలు పేరు క్లార్క్. ఆయన 'కంచు మనిషి' అయితే సూపర్‌మ్యాన్ 'ఉక్కు మనిషి' అయ్యాడు, క్లార్క్ కెంట్ అయ్యాడు. మంచు ధ్రువంలో డాక్ సావేజ్‌కు ఉన్న 'ఏకాంత దుర్గం' కూడా తర్వాత్తర్వాత పేరుతో సహా సూపర్‌మ్యాన్ ఆస్తి అయిపోయింది. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ తొలి కథ, 'షాడో' అనే ఇంకో పల్ప్ వీరుడి 1936 నాటి నవలకు దాదాపు నకలు. పగలు పనికిమాలిన షావుకారు బిడ్డగా తిరుగుతూ రాత్రి ముసుగేసుకుని పేదల పక్షాన నిలబడే పద్ధతి 1919 నాటి జోరో నుంచి వచ్చింది. ఒంటికి అతుక్కున్న దుస్తులు, కనుపాపలు లేని తెల్లకళ్ళ ముసుగు 1936లో లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్‌వి.

అరువు తెచ్చుకోవడం తప్పని నేను అనడం లేదు. పాత నమూనా చూడకుండా ఏ నేతగాడూ కొత్త అంచు నేయడు. చిక్కంతా తర్వాత జరిగినదానితోనే వచ్చింది. మనవళ్ళు లోకమంతా ఏలుతుంటే తాతల పేర్లు చెప్పేవాడు లేకుండా పోయాడు. ఆ పల్ప్ పత్రికలు 1950లు ముగిసేసరికి దాదాపు అన్నీ మూతబడ్డాయి.

ఈ మరుపునే కథగా మలిచిన పుస్తకం 'ప్లానెటరీ'. వారెన్ ఎల్లిస్ రచన, జాన్ కాసడే బొమ్మలు, 1999 నుంచి 2009 దాకా 27 సంచికలు. ఇందులో ముగ్గురు మనుషులు 20వ శతాబ్దపు దాచేసిన చరిత్రను పురావస్తు శాఖ వాళ్ళలా తవ్వుకుంటూ పోతారు. వాళ్ళు తవ్వితీసేవన్నీ పాత కథారూపాలే. జపాన్ రాకాసి బల్లుల సినిమాలు, హాంకాంగ్ పోలీసు కథలు, పల్ప్ నవలలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

తొలి సంచికలోనే ఒక కొండగుహ. లోపల ఒక ముసలివాడు. పేరు డాక్ బ్రాస్. అంటే 'ఇత్తడి'. 'కంచు' ఎవరో తెలిసినవాడికి ఈ ఇత్తడి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. 1945 నుంచి ఆ గుహలోనే, నిద్ర లేకుండా, తిండి లేకుండా, కాళ్ళు పనికిరాకుండా పోయి, ఒక యంత్రానికి కాపలా కూచున్నాడు. ఆయనా, ఆయన తోటి వీరులూ (ఒకడిలో టార్జాన్ పోలిక, ఒకడిలో షాడో పోలిక) రెండో ప్రపంచ యుద్ధాన్ని ఆపడానికి ఆ యంత్రం కట్టారు. దాన్ని నడపగానే అందులోంచి వేరే లోకం తాలూకు రంగురంగుల దుస్తుల వీరులు దూకారు. ఒకడికి భుజాల వెనక వస్త్రం ఎగురుతున్నది, ఒకడు మెరుపులా పరుగెడుతున్నాడు. ఇద్దరి మధ్యా యుద్ధం. ఇటువాళ్ళలో బ్రాస్ ఒక్కడే మిగిలాడు.

ఈ ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పల్ప్ వీరులను సూపర్ హీరోలు అంగట్లోంచి తుడిచిపెట్టడం చరిత్రలో జరిగిన సంగతి. దాన్ని ఎల్లిస్ ఉపన్యాసంగా చెప్పలేదు. అచ్చంగా ఒకరినొకరు చంపుకునే యుద్ధంగా చూపించాడు. పైగా ఆ కొత్త వీరులు దుర్మార్గులు కారు. ఆ యంత్రం నడిస్తే తమ లోకం చెరిగిపోతుందని తెలిసి, దాన్ని కాపాడుకోవడానికి వచ్చారు. కొత్త తరానికి బతకాలని ఉంటుంది, పాత తరానికి చావాలని ఉండదు. కాసడే గీసిన ఆ ముసలివాడి మొహంలో కోపం వెతికినా దొరకదు. అలసట మాత్రం ఉంది. ఇంతకాలానికి ఎవరో వచ్చారన్న చిన్న వెలుగు ఉంది.

అదే పుస్తకంలో అసలు విలన్లు నలుగురు. 1961లో అంతరిక్షంలోకి వెళ్ళి శక్తులతో తిరిగొచ్చినవాళ్ళు. సరిగ్గా 1961లోనే మార్వెల్ సంస్థ, అట్లాగే అంతరిక్షానికి పోయి శక్తులు తెచ్చుకున్న నలుగురి కథ 'ఫెంటాస్టిక్ ఫోర్' మొదలుపెట్టిందని తెలిస్తే దెబ్బ ఎవరికి తగిలిందో అర్థమవుతుంది. పదో సంచికలో చచ్చిపోతున్న గ్రహం నుంచి కన్నవాళ్ళు పంపిన పసిబిడ్డ ఒకడు భూమి మీద దిగుతాడు. ఆ బిడ్డ ఎవరవుతాడో మనకు 1938 నుంచి తెలుసు. ఇక్కడ మాత్రం ఆ నలుగురిలో ఒకడు వాణ్ణి అక్కడికక్కడే చంపేస్తాడు. ఒక్క రకం కథ గెలిచి మిగతావాటిని పుట్టకముందే తొక్కేస్తే లోకం ఏం పోగొట్టుకుంటుందో ఆ ఒక్క గడి చెప్పేస్తుంది. చదివి పుస్తకం మూశాక చాలాసేపు మాట రాదు.

ఇంకో దారి ఉంది. వారసత్వ తగాదానే హీరో మనసులో గాయంగా మార్చడం. దీని వెనక సంగతి కొంచెం మెలికలు తిరిగింది, ఓపిక పట్టాలి. 1940లో ఫాసెట్ సంస్థ కెప్టెన్ మార్వెల్‌ను (మార్వెల్ సినిమాల్లో కనిపించే ఆమె కాదు, వేరే వీరుడు) తెచ్చింది. ఒక పిల్లవాడు మంత్రపదం పలకగానే మహావీరుడవుతాడు. ఆ పుస్తకాలు సూపర్‌మ్యాన్‌ను మించి అమ్ముడయ్యాయి. ఇది మా సూపర్‌మ్యాన్‌కు నకలని అవతలి సంస్థ కోర్టుకెక్కింది. ఏళ్ళ తరబడి నడిచి, 1953లో ఫాసెట్ రాజీకి వచ్చి ఆ పుస్తకాలు ఆపేసింది. అప్పుడు చిక్కులో పడ్డది ఇంగ్లండ్‌లో వాటిని అచ్చేసుకుంటున్న ప్రచురణకర్త. రేపటి నుంచి కథలు రావు, కొనే పిల్లలు మాత్రం ఉన్నారు. దాంతో 1954లో మిక్ ఆంగ్లో చేత పేరు మార్చి, రంగు మార్చి 'మార్వెల్‌మ్యాన్'ను పుట్టించారు. అంటే నకలని తగాదా పడ్డదానికి మళ్ళీ నకలు.

1982లో అలన్ మూర్ ఈ మూలపడ్డ హీరోను తీసుకుని ఏం చేశాడో చూడండి. మైక్ మోరన్ అనే నడివయసు మనిషి. సంసారం, అప్పులు, తలనొప్పులు. కలలో ఎగురుతుంటాడు. నాలుక చివర ఏదో ఒక మాట ఉంటుంది, గుర్తురాదు. ఒకరోజు అణువిద్యుత్ కేంద్రంలో సాయుధులు పట్టుకుని ఈడ్చుకుపోతుంటే, గాజు తలుపు మీద రాసి ఉన్న 'అటామిక్' అనే అక్షరాలు అవతలి వైపు నుంచి తిరగబడి కనిపిస్తాయి. ఆర్టీసీ బస్సులో కూచుని ముందు అద్దం మీద ఊరిపేరు వెనక నుంచి చదివినట్టు. ఆ తిరగబడ్డ మాటను పెదవులు కదిలించి చదువుతాడు. అదే మంత్రం. పిల్లల పుస్తకంలో మూడు దశాబ్దాల కింద సరదాకు పెట్టిన పదం, గ్యారీ లీచ్ గీసిన ఆ పేజీలో పిడుగై పడుతుంది.

అసలు దెబ్బ తర్వాత ఉంది. 1950ల్లో తాను చేశాననుకున్న సాహసాలేవీ నిజం కావని ఆ హీరోకు తెలుస్తుంది. ప్రయోగశాలలో నిద్రపుచ్చి, ఒక శాస్త్రవేత్త తన బుర్రలోకి ఎక్కించిన కలలవి. ఆ శాస్త్రవేత్త వాటిని అల్లుకున్నది చేతికందిన పిల్లల కామిక్ పుస్తకం చూసి. 'నేను ఇంకొకరి నకలు' అన్న కోర్టు తగాదా ఇక్కడ ఒక మనిషి గుండెకోత అయింది. 'నా బాల్యం ఇంకెవరో చదివిన పుస్తకమా?' ప్రభావం గురించి ఇంత బాధగా మాట్లాడిన కామిక్ నేను వేరే చూడలేదు.

ఇప్పుడు మా వాడి ఓడదొంగల దగ్గరికి వద్దాం. 'వాచ్‌మెన్' లోకంలో ముసుగు వీరులు నిజంగా ఉన్నారు. వాళ్ళలో మొదటి తరం మనిషి ఒకాయన తన జ్ఞాపకాల్లో రాసుకుంటాడు, చిన్నప్పుడు పల్ప్ పత్రికలూ, పెద్దయ్యాక 1938 సూపర్‌మ్యాన్ పుస్తకమూ చదివే నాకు ఈ ఆలోచన పుట్టిందని. అంటే కాగితం మీది వీరుణ్ణి చూసి నిజం వీరులు తయారయ్యారు. వాళ్ళు వీధుల్లో తిరుగుతున్నాక పది సెంట్లు పెట్టి బొమ్మల్లో ఎవరు కొంటారు? జనానికి మొహం మొత్తింది. ఆ ఖాళీలోకి ఓడదొంగలు వచ్చారు.

ఇందులో చరిత్ర మీద ఒక సూటి మాట ఉంది. మన లోకంలో 1954లో అమెరికాలో పిల్లలు చెడిపోతున్నారన్న గోల లేచి, కామిక్స్ మీద నియమావళి వచ్చిపడింది. భయం, నేరం కథలతో వెలిగిన ఈసీ సంస్థ ఆ దెబ్బకు చితికిపోయింది. సూపర్ హీరోలు తిరిగి పుంజుకుని రాజ్యమేలింది ఆ శిథిలాల మీదే. 'వాచ్‌మెన్' లోకంలో ప్రభుత్వానికి ముసుగు వీరులతో పని ఉంది కనుక కామిక్స్‌ను కాపాడింది, ఈసీ బతికింది, ఓడదొంగల పుస్తకాలతో అంగడి ఏలింది. ఒకప్పుడు నిజంగానే ఈసీలో బొమ్మలు వేసిన జో ఓర్లాండోను అడిగి, ఐదో సంచికకు ఆ ఓడదొంగల కథ పేజీ ఒకటి వేయించుకున్నారు కూడా. తన కులపురాణంలో తాను గెలవని గడి ఒకటి గీసి చూపించిందన్నమాట ఆ పుస్తకం.

ఇక ఆ లోపలి కథ. ఓడ మునిగి ఒంటరిగా మిగిలిన నావికుడు, దొంగల ఓడ తన ఊరి మీద పడబోతున్నదని, చచ్చిన తోటివాళ్ళ శవాలతో తెప్ప కట్టుకుని ఇంటికి బయల్దేరతాడు. ఊరిని కాపాడాలన్న ఆత్రంలో అమాయకులను చంపుతాడు, చివరికి ఆ దొంగల ఓడే ఎక్కుతాడు. బయటి కథలో లోకాన్ని కాపాడతానని బయల్దేరిన ఒక మహావీరుడు ఏం చేస్తాడో చదవబోయేవాళ్ళ కోసం విప్పను. శవాల తెప్పను మాత్రం గుర్తుంచుకోండి. సూపర్ హీరో అనే కథారూపం కూడా పాత కథల శవాల మీద తేలుతూ వచ్చిందేనని నాకు తోస్తుంది.

ఇందులో రోర్‌షాక్ అనే పాత్ర ముసుగు ఉంది. నేతపని ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక దాని దగ్గర ఆగకుండా పోలేను. అతను ముసుగు వేసుకోకముందు బట్టల కార్ఖానాలో కూలి. ఒక యువతి ప్రత్యేకంగా చెప్పి చేయించుకున్న గౌను, బాగాలేదని తీసుకోకుండా వదిలేస్తుంది. రెండు పొరల మధ్య నలుపు, తెలుపు ద్రవాలు కదులుతుండే వింత గుడ్డ అది. రెండూ ఎంత కదిలినా కలవవు, బూడిదరంగు రాదు. తర్వాత ఆ యువతి హత్యకు గురైందని పేపర్లో చదివి, ఆ గుడ్డనే కత్తిరించి మొహానికి కట్టుకుంటాడు. ఎవరూ తీసుకుపోని ఆర్డరు బట్ట ఇంట్లో పడి ఉండటం ఎట్లుంటుందో నేతగాళ్ళకు తెలుసు. ఇక రంగుల సంగతి. స్పైడర్‌మ్యాన్‌కు రూపమిచ్చిన స్టీవ్ డిట్కో 1967లో మిస్టర్ ఏ అనే వీరుణ్ణి తెచ్చాడు. అతని చేతిలో సగం నలుపు, సగం తెలుపు ఉన్న చీటీ ఉండేది. మంచికీ చెడుకూ మధ్య ఇంకేం లేదని దాని అర్థం. మూర్ ఆ చీటీని మొహానికి తొడిగాడు. అట్లాంటి మనిషి నిజంగా బతికితే గది ఎట్లా కంపు కొడుతుందో, స్నేహితుడు అతన్ని ఎట్లా భరించాలో కూడా చూపించాడు. డిట్కోతో ఆయన పేచీ అంతా ఆ గుడ్డలో ఉంది.

వీటిని చూసి తర్వాత వచ్చినవాటిలో ఎక్కువ భాగం చీకటినీ నెత్తురునూ మాత్రం తీసుకున్నాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఈ మధ్య ఇంకో రోగం వచ్చింది, మూల మూలల పాత హీరోల గుర్తులు దాచిపెట్టి, కనిపెట్టినవాళ్ళ చేత చప్పట్లు కొట్టించుకోవడం. మన థియేటర్లో వారసుడు తాత స్టెప్పు వేయగానే ఈలలు పడతాయి చూడండి, అదీ ఇదీ ఒకటే. ఆ ఈల నేనూ వేశాను, ఆ సంతోషం నిజమైందే. అయితే తాత ఎవరి పొట్ట కొట్టి పెద్దవాడయ్యాడో ఆ స్టెప్పు చెప్పదు. గుర్తు పట్టడం వేరు, బాకీ ఒప్పుకోవడం వేరు. కర్ట్ బుసియెక్ 'ఆస్ట్రో సిటీ', జెఫ్ లెమైర్ 'బ్లాక్ హ్యామర్' ఈ తేడా తెలిసి రాసినవి. మొదటిది ప్రేమగా, రెండోది దిగులుగా ఉంటుంది. ఈ పుస్తకాల్లోకి కొత్తగా దిగేవాళ్ళు 'ఆస్ట్రో సిటీ'తో మొదలుపెడితే హాయిగా ఉంటుంది.

ఇదంతా విన్నాక మేనల్లుడు అడిగాడు, "మరి మన దిక్కు ఎవరన్న హీరో పుస్తకం గీస్తే అండ్ల తాత ఎవరుంటడు మామా?"

నాకు వెంటనే తట్టింది పాలమూరు. పండుగ సాయన్న. దొరల ఇళ్ళు దోచి పేదలకు పంచినవాడని కిన్నెర మీద తరతరాలుగా పాడుకుంటున్న వీరుడు. 12 మెట్ల కిన్నెర పట్టుకుని ఆ కథ పాడుతూ వచ్చిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక చాలామందికి ఆ పేరు తెలిసింది. జోరోకు ఉన్న లక్షణాలన్నీ ఆయన కథలో ఉన్నాయి. జోరోను ఒక రచయిత కల్పించాడు, సాయన్నను మాత్రం ఊళ్ళు గుర్తుపెట్టుకున్నాయి. రేపు ఎవరైనా తెలంగాణ సూపర్ హీరోను గీస్తే, మూలన ఒక కిన్నెర బొమ్మ పెట్టి ఊరుకోకూడదు. ఆ వీరుడి పాటను ఇన్నాళ్ళు మోసిన డక్కలి కళాకారులు ఏ ఊరి చివర ఉన్నారో, వాళ్ళను ఎవరు ఏ గడపదాకా రానిచ్చారో కూడా ఆ గడుల్లో రావాలి. రంగులు అక్కడి నుంచి వస్తాయి.

వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. పుస్తకం తిరగేసి పేపర్ల దుకాణం పేజీ తీశాడు. అక్కడ దుకాణదారు ముసలాయన లోకం మీద వ్యాఖ్యానం చేస్తూనే ఉంటాడు, పోరడు నేల మీద కూచుని ఓడదొంగల కథలోంచి తల ఎత్తడు. ఎందుకురా అదే చదువుతావంటే, అర్థం కాలేదు గనుకనే మళ్ళీ చదువుతున్నానని విసుక్కుంటాడు. రోజుల తరబడి పక్కపక్కనే ఉన్నా ఒకరి పేరు ఒకరికి తెలియదు. పదకొండో సంచికలో, అంతా అయిపోయే ముందు, ఇద్దరి పేరూ ఒకటేనని తెలుస్తుంది. వెలుగు మీద పడే క్షణాన ముసలాయన ఆ పిల్లవాణ్ణి చేతులు చాచి పొదివి పట్టుకుంటాడు.

"ఓడ కథ పేజీలు దాటేసిన మామా, అడ్డమొస్తున్నయని" అన్నాడు మెల్లగా. చాయ్ గ్లాసు కింద పెట్టి, మొదటి సంచిక నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.